ఇరుక్కున్న పన్ను, రెండు వీధులు

పద్నాలుగేండ్ల పాటు నల్లబల్ల మీద ముప్పై రెండు పండ్లు గీసినవాణ్ణి నేను. పైన పదహారు, కింద పదహారు. కుంతకాలు, రదనికలు, చర్వణకాలు అని బాణం గుర్తులు పెట్టి, చిగుళ్ళకు గులాబీ రంగు సుద్దముక్క పూసి మరీ గీసేవాణ్ణి. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఆ బొమ్మ చూసి, "బోర్డు నవ్వుతున్నట్టే ఉందయ్యా" అని మెచ్చుకున్నాడు కూడా. ఇంత చేసిన జీవశాస్త్రం అయ్యవారికి, తన నోట్లో ఎన్ని పండ్లున్నాయో లెక్కపెట్టుకోవాలని ఒక్కనాడూ తోచలేదు. తీరా అద్దం ముందు నిలబడి లెక్కపెట్టుకుంటే ముప్పై ఒకటి. ముప్పై రెండోది ఎక్కడుందో నాకు తెలియదు గానీ, నేనెక్కడున్నానో దానికి బాగా తెలుసు.

నాకప్పుడు ముప్పై ఏడేండ్లు. కాపురం ప్రొద్దుటూరు. ఉద్యోగం జమ్మలమడుగు అవతల ఒక పల్లె హైస్కూల్లో. రోజూ బస్సులో పోయి బస్సులో వచ్చేవాణ్ణి. ఫ్యాక్షన్ ముదిరిన కాలం. ఆ పల్లెలో దేవుడొక్కడే ఒకడు, మిగిలినవన్నీ రెండేసి. పైవీధి, కిందివీధి. పైవీధికొక టీ హోటలు, కిందివీధికొకటి. మంగలి అంగళ్ళు రెండు, చిల్లర అంగళ్ళు రెండు. పైవీధి పెద్దాయన ఒక పార్టీలో చేరితే ఆ సాయంత్రానికే కిందివీధి పెద్దాయన రెండో పార్టీలో ఉండేవాడు. ఒకసారి ఇద్దరూ ఒకే వారంలో పార్టీలు మారారు. గోడల మీద గుర్తులు చెరిపి రాసేవాళ్ళకు పని దొరికింది తప్పించి ఊళ్ళో ఏమీ మారలేదు.

జమ్మలమడుగులో పంటి డాక్టర్లు కూడా ఇద్దరే. ఒకాయన పైవీధి పెద్దాయన అల్లుడు. ఇంకొకాయన కిందివీధి పెద్దాయన అన్న కొడుకు. పన్ను నొప్పి లేస్తే ఎవరి దగ్గరికి పోవాలో ఆ ఊళ్ళో ఎవరూ ఆలోచించే పని లేదు. ఏ వీధిలో పుట్టారో అదే చెబుతుంది.

బడి మాత్రం ఒక్కటే. చిక్కల్లా అక్కడే. నాకంటే ముందున్న అయ్యవారు పైవీధిలో ఒక పెండ్లికి పోయి విస్తరి ముందు కూర్చున్నాడట. మరునాడు కిందివీధి పిల్లల బెంచీలు ఖాళీ. నెల రోజులు ఆ పిల్లలు చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పెరకడానికి పోయారు. ఆయన బదిలీ అయి పోయాక తిరిగి వచ్చారు, ఇద్దరు ఆడపిల్లలు తప్ప. వాళ్ళకు మరి చదువు లేదు. నేను చేరిన రోజే హెడ్మాస్టరు ఈ కథ చెప్పి, "ఈడ పాఠం ఒగనాడు సరిగా చెప్పకపోయినా నడుస్తాది సారూ. టీ మాత్రం సరిగా తాగల్ల" అన్నాడు.

అందుకని సోమ, బుధ, శుక్రవారాలు పైవీధి టీ, మంగళ, గురు, శనివారాలు కిందివీధి టీ తాగేవాణ్ణి. గడ్డం ప్రొద్దుటూరులోనే గీయించుకునేవాణ్ణి. పెద్దాయనలిద్దరినీ మామా అనే పిలిచేవాణ్ణి. ఒకరిని అన్నా అని, రెండో ఆయన్ని మామా అంటే ఆ తేడాకు కూడా అర్థం వెతికే ఊరది. అలా ఆరేండ్లు, గోడ మీద పిల్లిలా కాదు, పిల్లి కింద గోడలా నెట్టుకొచ్చాను.

సర్పంచి ఎన్నికలు ఇంకా నెల ఉన్నాయనగా, ఒక సోమవారం పొద్దున లేచేసరికి నా ఎడమ దవడ బూరెలా పొంగింది. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోదు. సెలవు పెట్టకుండా, మొహానికి తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాను. ఆ రోజుల్లో జమ్మలమడుగు బస్సులో మొహం కప్పుకుని, మాటాపలుకూ లేకుండా, చేతిలో పొడుగాటి సంచితో ఎక్కకూడదని నాకెవరూ చెప్పలేదు. సంచిలో ఉన్నది చుట్టచుట్టిన జీర్ణవ్యవస్థ పటం. నేను కూర్చున్న సీట్లోని ఇద్దరూ లేచి వెనక్కి పోయారు. కొత్తగా వచ్చిన కండక్టరు దూరం నుంచే అడిగాడు.

"యాడికప్పా?"

"స్కూలు కాడికి" అన్నాను తువ్వాల్లోంచి.

"పొద్దన్నే స్కూలు కాడ ఏం పనుండాదో" అని తనలో తాను అనుకుంటూ టికెట్టు చించి, చేయి చాపి ఇచ్చాడు. ఆరేండ్లలో ఆ బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరకడం అదే మొదలు.

సోమవారం కాబట్టి పైవీధి హోటలు. హోటలాయన టీ గ్లాసు పెట్టి, నా చెంప చూసి, గొంతు తగ్గించాడు.

"ఎవురు సారూ?"

"ఎవరూ లేదు. పన్ను."

"ఏం పన్ను? ఇంటి పన్నా, నీటి పన్నా? దానికే కొట్టినారా?"

"ఎవరూ కొట్టలేదప్పా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తల పగిలి కట్టు కట్టించుకున్నవాడు కూడా పోలీసులతో 'నిచ్చెన మీంచి పడినా' అని చెప్పే కాలం. ఎవరూ కొట్టలేదు అంటే కొట్టినవాడి పేరు చెప్పడానికి భయపడుతున్నాడని అర్థం. మధ్యాహ్నం గంట కొట్టేసరికి, పైవీధి లెక్కలో నన్ను కిందివీధి వాళ్ళు కొట్టారు. కిందివీధి లెక్కలో పైవీధి వాళ్ళు కొట్టారు. ఉన్నది ఒక్క చెంప.

సాయంత్రం బడి గేటు దగ్గర జీపు ఆగింది. పైవీధి పెద్దాయన దిగాడు.

"సారూ, నీ చెంప మా ఊరి చెంప. పేరు చెప్పు, చాలు."

"పన్ను మామా. జ్ఞానదంతం. లోపల ఇరుక్కుంది."

"యాదీ, తెరువు."

తెరిచినంత తెరిచాను. జీపులోంచి టార్చిలైటు తెప్పించి ఆయన చూశాడు. డ్రైవరు చూశాడు. వెనక కూర్చున్న ఇద్దరూ వరుసగా వచ్చి చూశారు.

"ఈడ పన్నేమీ కనపల్యా కదా."

"కనపడదు మామా. చిగురు కింద ఉంటుంది. దాని రోగమే అది."

"కనపడని పన్ను నిన్ను ఇంతలావు కొట్టిందా?" అని ఆయన టార్చి ఆర్పేశాడు. "సరే, చెప్పగాకులే. రేపు పొద్దున జీపు పంపిస్తా. మా అల్లుని కాడికి పో."

పావుగంటకు బస్సు స్టాపులో కిందివీధి పెద్దాయన దొరికాడు. అదే మాట, అదే టార్చి, అదే 'కనపల్యా'. ఆయన పంపిస్తానన్నది అన్న కొడుకు దగ్గరికి. ఏ కుర్చీలో నోరు తెరిస్తే ఆ పార్టీవాణ్ణయిపోతాను. ఎన్నికల నెల, పైగా చెనిక్కాయలు పెరికే కాలం. బడిలో సగం పిల్లలు మళ్ళీ చేలల్లో ఉంటారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను: "తగ్గతాంది మామా. ఎవరూ చూసే పనిలేదు."

అది తగ్గే రకం కాదు. వారం రోజులు లవంగం, ఉప్పునీళ్ళు, గంజి. సంగటి ముద్ద వైపు చూడటమే. చివరికి మా వీధి చివర పంటి పురుగులు తీసే అవ్వ దగ్గరికి పోయాను. ప్రతి ఏడూ పిల్లలకు 'పంట్లో పురుగులుండవు, అది మూఢనమ్మకం' అని నోట్సు చెప్పేది నేనే. ఆమె నిప్పుల మీద వాకుడు గింజలు వేసి, నా తల మీద దుప్పటి కప్పి, నోరు తెరిచి పొగ పట్టమంది. దగ్గి దగ్గి కండ్లు ఎర్రబడ్డాక, కింద పెట్టిన నీళ్ళ పళ్ళెంలో తెల్లగా తేలుతున్న వాటిని చూపించి, "ఇగో నాయనా, నీ పురుగులు" అంది. అవి వాకుడు గింజల్లోంచి పగిలి పడిన ముక్కలని డిగ్రీ చదివిన నాకు తెలుసు. అయినా "శానా పెద్దవే ఉండాయే" అన్నాను.

ఇంటికొస్తే పొగ వాసన నన్ను పట్టించింది. మా ఆవిడ చేస్తున్న పని ఆపి, నడుం మీద చేయి పెట్టుకుని చూసింది.

"జ్ఞానదంతమంటివి కదా. అది మాత్రం ఏం చేస్తాది పాపం. వద్దామనే చూస్తాంది. నీ తలకాయలో జాగా యాడుండాది?"

తరువాత జాలిపడి దారి చూపింది కూడా ఆమే. వాళ్ళ చిన్నమ్మకు పులివెందులలో ఒక డాక్టరమ్మ ఇలాంటిదే తీసిందట. "ఆడ నీ మొహం ఎరిగినోళ్ళు ఎవురుండారు? పోయి రా" అంది.

బుధవారం సెలవు పెట్టి, ఎర్రగుంట్ల మీదుగా పులివెందుల బస్సెక్కాను. కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తే, ఎవరో రాక్షసుడికి వాకుడు పొగ పడుతున్నారనిపించి నోరు గట్టిగా మూసుకున్నాను.

డాక్టరమ్మ మిషన్ బడి పంతులమ్మ కూతురు. చిన్న బాడుగ ఇంట్లో ఆస్పత్రి. ముందు గదిలో ఒకే ఒక్క బెంచీ. నాకు ఎక్స్‌రే ఫిల్ము తీసి కూర్చోబెట్టి, లోపలున్న మనిషి పని ముగించడానికి పోయింది. కాసేపటికి మొహానికి తువ్వాలు చుట్టుకున్న ఆయనొకడు వచ్చి బెంచీ ఆ చివర కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు చెప్పులు కిర్రుమన్నాయి. ఆ కిర్రు నేను మంగళ, గురు, శనివారాలు వినే కిర్రు.

"మామా?" అన్నాను.

తువ్వాలు లోపలినుంచి మాట వచ్చింది. "సారా?"

"నేనే."

"తగ్గతాందంటివే."

"నువ్వు అన్న కొడుకు కాడికి పొమ్మంటివే."

కిందివీధి పెద్దాయన తువ్వాలు జరిపాడు. కుడి చెంప నా ఎడమ చెంపకు ఏమాత్రం తీసిపోలేదు. "వాడు చూసినాడులే. ఇది అడ్డం పన్ను చిన్నాయనా, ఎముక కోయల్ల, పులివెందులకు పో అన్న్యాడు" అని, తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "వాడు తీస్తానన్న్యా ఆడ తీపించుకోను సారూ. ఫలానా పొద్దుకు ఫలానా కుర్చీలో కండ్లు మూసుకోని పడుంటానని జమ్మలమడుగంతా తెలుస్తాది. ఈడికి వచ్చేది మా ఇంట్లో కూడా తెలీదు. మనుషులను, జీపును వేముల కాడే నిలిపొచ్చినా."

నాకు నవ్వు రాలేదు. పన్ను తీయించుకోవడానికి కూడా కండ్లు మూసుకోలేని బతుకు.

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. దవడలో పత్తి ఉండతో బయటికి వచ్చినవాడు పైవీధి పెద్దాయన.

ఆ ఇద్దరూ ఒకే గదిలో, వెనక మనుషులు లేకుండా ఎదురుపడి ఎన్నేండ్లయిందో నాకు తెలియదు. ఆయన వెనకే డాక్టరమ్మ వచ్చి, ఏమీ ఎరగనట్టు, నిజంగానే ఏమీ ఎరగక, హుకుం జారీ చేసింది.

"పెద్దాయనా, అరగంట పత్తి తీయగాకు, మాట్లాడగాకు, ఉమ్మేయగాకు. ఆ బెంచీ మీద కూచో. రక్తం నిలిచిందాకా యాడికీ పోయేది లేదు."

బెంచీ ఒక్కటే. నేను లేచి నడిమధ్యకు జరిగి, రెండు చేల నడుమ పాతిన హద్దురాయిలా కూర్చున్నాను. ఆయన నా ఎడమన, ఈయన నా కుడిన.

డాక్టరమ్మ మూడు ఫిల్ములూ కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. పైవీధిది, నాది, అన్న కొడుకు తీసి పంపిన కిందివీధిది. "మీది ముగ్గురిదీ ఒక ఊరేనా ఏంది? ఒగటే మాదిరి పడుకోనుండాయే. చూడండి, నిలబడి పైకి రావాల్సింది అడ్డంగా పడుకోని పక్క పన్నును తోస్తాంది. పక్కచేనాయన గట్టు జరుపుకుంటా వచ్చినట్టు."

ఇద్దరు పెద్దాయనలూ నేల చూశారు. ఆ ఊరి తగాదా మొదట పుట్టింది ఒక గట్టు దగ్గరేనని ఆమెకెవరు చెప్పాలి.

"ఇది మా మాదిరోళ్ళకే వస్తాదా తల్లీ?" అన్నాడు కిందివీధి పెద్దాయన.

"మీకే ఏంది? పెద్దోళ్ళలో శానామందికి ఉంటాది. దవడలో జాగా తక్కువ, ఇది వచ్చేది అందరికంటే ఆఖరున. కొందరికి ఇట్లాంటిది ఉండాదని కూడా తెలీకుండానే కాలం గడిచిపోతాది. నాక్కూడా ఒగటుండాది."

"మరి తీపించుకోలేదా?"

"నొప్పి లేదు, పక్కదాన్ని చెరపలేదు. అప్పుడప్పుడూ ఫిల్ము తీసి చూసుకుంటా ఉండా. అల్లరి చేసేదాన్నే తీయల్ల. ఉండేవన్నీ పెరికేసేది లేదు."

తరువాతి పిలుపు కిందివీధి పెద్దాయనకు. లేవబోతూ నా చెవి దగ్గరికి వంగాడు. "సారూ, ఆయప్పకు ఎన్ని కుట్లు పడినాయో అడుగు."

నేను తల తిప్పేసరికే పైవీధి పెద్దాయన మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు. పత్తి అడ్డం లేకుంటే నవ్వేవాడే. కిందివీధి పెద్దాయన లోపలికి పోయాడు. అరగంట గడిచింది. రక్తం నిలిచి చాలాసేపయింది. అయినా పైవీధి పెద్దాయన లేవలేదు. తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంది. పత్తి ఉండతో బయటికి వచ్చిన కిందివీధి పెద్దాయన, కుర్చీ మత్తు ఇంకా దిగకముందే, చేయెత్తి నాలుగు వేళ్ళు చూపించాడు.

పైవీధి పెద్దాయన తువ్వాలు విదిలించి లేచాడు. పోతూ పోతూ పెదాల మీద వేలు పెట్టి నా వైపు చూశాడు. ఈయన కూడా అదే పని చేశాడు. నేను గుండెల మీద చేయి వేసి ఇద్దరికీ మాటిచ్చాను. ఆ తరువాత నా వంతు. నాకు రెండే కుట్లు. ఏ పార్టీలోనూ లేనివాడికి అంతకంటే ఎక్కువ దక్కవు.

గురువారం కూడా ఇంట్లోనే పడుకుని, శుక్రవారం బడికి పోతే బెంచీలు ఖాళీ. ఆ పల్లె మనిషి ఎవరో నన్ను పులివెందుల బస్టాండులో చూశాడట. "పులివెందులకు ఊరికే ఎవురు పోతారు? ఏందో మతలబు ఉండాది" అన్నారు. పైవీధి వాళ్ళు నన్ను కిందివీధికి రాసేశారు. కిందివీధి వాళ్ళు పైవీధికి రాసేశారు. ఆరేండ్లుగా నేను పాటించిన సమానత్వం ఆ ఒక్కరోజుతో ఫలించింది. రెండు వీధులూ సమానంగా పిల్లల్ని మాన్పించాయి. ఏ వీధికీ చెందని కొన్ని ఇండ్ల పిల్లలు మూడు బెంచీల్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

సాయంత్రం బస్సుకు నడుస్తుంటే రోడ్డు పక్క చేనులో ఎనిమిదో తరగతి మొదటి బెంచీ పాప కనిపించింది. కండ్లదాకా మట్టి, ఒడి నిండా చెనిక్కాయలు.

"రేపూ రావా?" అన్నాను.

"పెద్దాయన సరేనంటే వస్తాం సార్" అంది, తల ఎత్తకుండా.

ఆ పెద్దాయనకూ, అవతలి పెద్దాయనకూ నేను పన్ను కోసమే పోయానని తెలుసు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాటంటే 'నీకెట్ల తెలుసు?' అని అడుగుతారు. అందుకని ఇద్దరూ మూసుకున్న నోరు తెరవలేదు. పైవీధి చెంపను తేనెటీగ కుట్టిందట. కిందివీధి చెంపకు జీపు తలుపు తగిలిందట. నా ముందున్న అయ్యవారి కాలంలో పోయిన ఆ ఇద్దరాడపిల్లలు నాకు గుర్తొచ్చారు. మొట్టమొదటిసారి నాకు పన్ను కాకుండా ఇంకొకటి సలిపింది.

శనివారం నేరుగా పైవీధి పెద్దాయన ఇంటికి పోయాను. పక్కన మనుషులున్నారు.

"మామా, బడిలో నాకు పని లేకుండా పోయింది. పని లేని నోరు ఊరికే ఉండదు. టీ హోటల్లో కూర్చున్నానంటే ఏవో కతలు వస్తాంటాయి. బెంచీలు, పత్తి, వేళ్ళ లెక్కలు."

ఆయన మనుషులను లోపలికి పంపేశాడు. "మాటిచ్చినావు సారూ."

"ఇచ్చినా. పిల్లకాయలు బడికొస్తే పాఠం చెప్పేదానికే పొద్దు చాలదు. ఇంక కతలు చెప్పే తీరిక యాడుంటాది?"

ఆయన నవ్వబోయి చెంప పట్టుకున్నాడు. "నవ్వించగాకు. కుట్లు లాగతాండాయి. పో, సోమవారం వస్తార్లే."

కిందివీధిలోనూ అదే మాట చెప్పాను, అదే చెంప పట్టుకోవడం చూశాను. సోమవారం బెంచీలన్నీ నిండాయి. మొదటి బెంచీ పాప గోళ్ళలో మట్టి ఇంకా పోలేదు.

ఇక్కడితో ఊరుకుంటే నేను మంచివాణ్ణి. కానీ వారం రోజుల గంజి, ఇద్దరు పెద్దాయనల టార్చిలైట్లు, రెండు రోజుల ఖాళీ బెంచీలు నా కడుపులో ఉన్నాయి. ఆ రోజు ఎనిమిదో తరగతికి పండ్ల పాఠం తీశాను. గులాబీ రంగుతో బొమ్మ గీశాను. చివర ఇంటిపని ఇచ్చాను: ఇంట్లో పెద్దవాళ్ళందరి నోళ్ళూ టార్చి వేసి చూడాలి, పండ్లు లెక్కపెట్టాలి, ముప్పై రెండుకు తగ్గితే మిగిలింది ఎక్కడుందో అడిగి రాసుకు రావాలి. ఇచ్చిన మాట తప్పలేదు. నా నోరు నేను విప్పలేదు. వాళ్ళ నోళ్ళు తెరిపించానంతే. ఎనిమిదో తరగతిలో పైవీధి పెద్దాయన మనవరాలు ఉంది, కిందివీధి పెద్దాయన మనవరాలూ ఉంది. మనవరాలు టార్చి పట్టుకుని తెరువు తాతా అంటే తెరవని నోరు ఏ పార్టీలోనూ లేదు.

మరునాడు నోటుబుక్కులు తెరిచారు. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. ఒకరి అవ్వకు వెనక పన్ను సగమే పైకి వచ్చి ఆగిపోయింది. ఒకరి పెదనాయనకు రెండు పక్కలా రానే లేదు. హోటలాయనకు కూడా ఒకటి తక్కువే. ఇది పైవీధి రోగమా, కిందివీధి రోగమా అని తేల్చడం ఎవరివల్లా కాలేదు. నేను ఒక్కొక్కటే బోర్డు మీద రాస్తూ పోయాను.

పైవీధి పెద్దాయన మనవరాలు లేచింది. "మా తాతకు ముప్పై ఒగటి సార్. ఇంగోటి యాడ పోయిందంటే, తేనెటీగ కుట్టి రాలిపోయిందన్న్యాడు."

తరగతి గొల్లుమంది. సుద్దముక్క పట్టుకుని, మొహం బోర్డు వైపు తిప్పుకుని, అలాగే రాసుకున్నాను.

కిందివీధి పెద్దాయన మనవరాలికి ఆ నవ్వు నచ్చలేదు. చేయెత్తకుండానే లేచి నిలబడింది.

"మా తాతకు గూడా ముప్పై ఒగటే సార్. ఇంగోటి పులివెందులలో ఉండాదంట. నాలుగు కుట్లంట. ఆ యమ్మి వాళ్ళ తాతకు మూడేనంట. అది గూడా సారుకు చెప్పి రాసుకోమన్న్యాడు."

రాసుకున్నాను. బోర్డు మీద, కిటికీలోంచి రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో.